మూడెకరాల సవతి

మురహరికి రెండో సంసారం ఉందని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆవిడకి చీరలక్కర్లేదు, పూలక్కర్లేదు. ఊరికి దక్షిణాన, కాలవ తూము దిగువన, వెల్లకిలా పడుకుని ఉంటుంది. మూడెకరాల మనిషి. పేరు తూముకింద చేను.

"ఏమే నాంచారీ, మీ ఆయన పొద్దున్నే ఆవిడ దగ్గరికి వెళ్ళొచ్చాడా?" అని కుళాయి దగ్గర ఆడవాళ్ళు అడిగేవాళ్ళు.

"వెళ్ళకపోతే ఆవిడకి ముద్ద దిగదుగా!" అని నాంచారి కూడా నవ్వేది.

మొదటి ఏడు నిజంగానే నవ్వింది. రెండో ఏడు పళ్ళు మాత్రం కనబడ్డాయి. మూడో ఏడు కుళాయి దగ్గరికి వెళ్ళడం మానేసి బిందెలు అత్త చేతికిచ్చింది.

ఇదంతా నాంచారి ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు మొదలైంది. పట్నంలోని పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ వకుళ అనే ఆవిడ జీపులో వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కాళ్ళకి మోకాలిదాకా బురద. ఏడుకొండలు చేలోంచి ఒక మట్టిబెడ్డ, తూముకింద చేలోంచి ఒక మట్టిబెడ్డ తెచ్చి మురహరి రెండు చేతుల్లో పెట్టి, "విరవండి" అంది.

ఏడుకొండలు అదే వీధివాడు. ట్రాక్టరూ, వరికోత మిషనూ ఉన్నవాడు. వాడి చేను ఏటా ట్రాక్టరుతో దున్ని దమ్ము పట్టిందే. ఆ బెడ్డ ఎండిన పిడకలా ఠప్పున రెండు ముక్కలైంది. తూముకింద చేనుకి మాత్రం అప్పటికి రెండేళ్ళుగా నాగలి తగల్లేదు. ఒక ఏడు నేలలో పదును దాటిపోతోందని మురహరి దున్నకుండానే విత్తనం వెదపెడితే పంట ఇంకా బాగా వచ్చింది. అప్పట్నుంచి దుక్కి మాటే ఎత్తలేదు. గడ్డి తీసుకెళ్ళకుండా చేలోనే పరిచేవాడు. ఆ బెడ్డ విరిగింది గానీ విడిపోలేదు. రెండు ముక్కల మధ్యా తెల్లటి దారాలు, జాజిపూల దండలో నూలు పోగుల్లా, సాగి వేలాడుతూ నిలిచాయి.

"ఇది మంచి బూజు" అంది వకుళ. "నాగలి తగలకపోతే ఈ దారాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని చేనంతా ఒకటే వల అవుతాయి. ఈ మూల నీళ్ళెక్కువైతే ఆ మూలకి తెలుస్తుంది. ఆ తెలియడమేదో మనకీ తెలిసేలా చెయ్యాలని నా పాట్లు."

చేలో నలభై రాగి పుల్లలు పాతించింది. మురహరి ఎడమకాలికి నల్లటి కడియం ఒకటి తొడిగింది. దాని లోపలివైపు చీమతలకాయలంత మొనలు.

"చేను మాట మీకొస్తుంది. మీ నాడి చేనుకి పోతుంది. రెండువైపులా పోతేనే కదా మాట అయ్యేది! ఒక్క మనిషే నడవాలి. రోజూ, చెప్పుల్లేకుండా. మిషను దించకూడదు. కోత కొడవళ్ళతోనే."

"ఇంకా నయం, పుస్తె కూడా కట్టమనలేదు" అంది నాంచారి అత్త బుల్లెమ్మ. అందరూ నవ్వారు. నాంచారి అందరికంటే గట్టిగా నవ్వింది, కడుపు పట్టుకుని.

కడియం ఆరు నెలలు మాట్లాడలేదు. ఏడో నెలలో ఒక పొద్దున మురహరి చద్దన్నం తింటూ చెయ్యి ఆపేశాడు. ఒక వేలు పైకెత్తి, "ఉండు" అన్నాడు. అప్పుడు నాంచారి ఏమీ అనడం లేదు కూడా. చంకలో పిల్ల లాస్య కేరుతోంది. అంతే.

"ఈశాన్యం మూల దాహమేస్తోంది" అన్నాడు. కంచం వదిలేసి వెళ్ళాడు. నిజంగానే ఆ మూల నేల నెర్రెలిచ్చి ఉంది.

ఆనాటి నుంచి ఆ వేలు నాంచారి కాపురంలోకి వచ్చింది. అన్నం పెడుతుంటే లేచేది, పిల్ల మొదటి అడుగు వేసినప్పుడు లేచేది, ఆమె ఏదో మనసులో మాట చెప్పబోతే లేచేది. చేనుకి నీళ్ళు తక్కువైన రోజు మురహరి చెంబులు చెంబులు తాగేవాడు. ముసురు పట్టి చేను మునిగితే ఎండలో కూర్చుని వణికేవాడు. పంట మాత్రం వంక పెట్టడానికి లేదు. ఊరంతా వచ్చి చూసిపోయేది. మురహరి గట్టు మీద నిలబడి, కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడేవాడు.

ఆ సిగ్గు నాంచారి ఎరుగును. పెళ్ళిచూపుల్లో తనకోసం పడ్డాడు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి కూర్చోబెట్టిన పిల్లని, మేనమామ కూతుర్ని, ఇదివరకు వందసార్లు చూసిన దాన్నే, మళ్ళీ కొత్తగా చూసి సిగ్గుపడ్డాడు. అది తన సొత్తనుకుంది. ఇప్పుడు దాన్ని గట్టు మీద, ఎండలో, ఆ చేను ముందు పారేశాడు.

ఒకసారి నవ్వుతూనే అడిగింది. "నేనూ అదీ ఒకేసారి పిలిస్తే ఎవరికి పలుకుతావు బావా?"

"పిచ్చిదానా, నీకు నోరుంది. దానికి నేనే కదా ఉన్నది!" అన్నాడు.

అదే ఆమెకి ముల్లులా దిగింది. నోరుండటం కూడా తప్పయింది.

ఈ ఏడు కార్తీకంలో, వరి కంకులు వంగి రంగు తిరుగుతున్నప్పుడు, లాస్యకి జ్వరం వచ్చింది. మిట్టమధ్యాహ్నం. మురహరి మంచం పక్కన కూర్చుని పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాడు. నాంచారి వంటింట్లో బార్లీ కాస్తోంది. ఉన్నట్టుండి పిల్ల కళ్ళు పైకి తేలిపోయాయి, పళ్ళు గిట్టకరుచుకున్నాయి.

"బావా!" అని పరుగెత్తుకొచ్చేసరికి మురహరి గుమ్మంలో ఉన్నాడు. వెనక్కి తిరగలేదు. వేలెత్తాడు. "ఉండు!" అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఏడుకొండలు బండి మీద, పిల్లని గుండెకి అదుముకుని, నాంచారి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. సూది వేశాక, తడిగుడ్డలు చుట్టాక, పిల్ల కళ్ళు తెరిచి "నాన్నేడీ?" అంది.

పొద్దు వాలాక మురహరి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "చేను నడుమ సుడిదోమ పురుగు పట్టిందే! నీళ్ళు తీసి ఆరగట్టాను. ఇంకో పూట ఆలస్యమైతే చేనంతా మాడిపోయేది" అన్నాడు.

"పిల్లకి ఫిట్స్ వచ్చింది బావా."

"ఎప్పుడు?"

"నువ్వు వేలెత్తినప్పుడు."

అతని మొహంలో వెలుగు ఆరిపోయింది. పిల్లని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చాడు. అబద్ధపు ఏడుపు కాదు. అతనికి నిజంగానే వినపడలేదు. నాంచారికి అదే భయం వేసింది. విని వెళ్ళినవాడైతే తిట్టి మార్చుకోవచ్చు. వినపడనివాణ్ణి ఏం చేస్తాం?

ఆ వారం చుట్టుపక్కల చేలన్నీ సుడిదోమకి వలయాలు వలయాలుగా మాడిపోయాయి. తూముకింద చేను ఒక్కటే బంగారంలా నిలబడింది. అందరూ మెచ్చుకుంటుంటే నాంచారికి ఆ మెరుపు తన పిల్ల ఒంటి మీంచి ఒలుచుకున్నట్టు కనబడింది.

పది రోజులకి టీవీలో వాయుగుండం అన్నారు. ఊరంతా కోతలకి ఎగబడింది. ఏడుకొండలు మిషను పగలల్లా ఊపిరి తీసుకోకుండా తిరుగుతోంది.

"మనమూ కోయించేద్దాం బావా. వాన పడితే కంకి నేలపాలే" అంది నాంచారి.

"నాలుగు రోజులాగాలంటోంది. గింజ ఇంకా గట్టిపడాలి. రేపు మినుము చల్లాలి, ఆ తర్వాతే కోత. వానకి ఐదు రోజుల టైముంది."

వరి నిలబడి ఉండగానే, నేలలో పదును ఉండగా, దుబ్బుల మధ్య మినుములు చల్లడం, ఆ తర్వాత పైన వరి కోసేయడం ఆ ఊళ్ళో తాతలనాటి అలవాటు. ఒక పంట పోతుంటే ఇంకో పంట కిందనుంచి లేస్తుంది. నాంచారికి ఆ మాటా అప్పుడు రుచించలేదు.

"టీవీవాళ్ళకంటే దానికే ఎక్కువ తెలుసేం?"

"దాని కింద తడి దానికి తెలియదా? నీ కడుపులో పిల్ల కదిలితే నీకు తెలిసిందా, టీవీవాళ్ళకి తెలిసిందా?"

ఆ పోలిక తేకుండా ఉండాల్సింది.

మర్నాడు నెలవారీ పరీక్షలకి మురహరి పరిశోధన కేంద్రానికి వెళ్ళాడు. "మధ్యాహ్నానికల్లా వచ్చి మినుము చల్లుతా" అని చెప్పి వెళ్ళాడు. బస్సు మలుపు తిరగ్గానే నాంచారి ఏడుకొండలుకి ఫోను చేసింది.

"అన్నయ్యా, తూముకింద చేలోకి మిషను తోలు."

"చెల్లెమ్మా, ఆ చేలోకి మిషనా? బావ నా తోలు ఒలుస్తాడు. పైగా తడి. చైన్లు దిగబడతయ్యి, నేలంతా చీరేస్తది."

"ఆయనే చెప్పమన్నారు. వాన భయం."

వాన భయంతో పిలిచిందని ఆ తర్వాత ఊరంతా అనుకుంది. పాపం ఆడకూతురు, భయపడింది అన్నారు. నాంచారి కాదనలేదు. కానీ ఫోను చేతిలో పట్టుకున్నప్పుడు ఆకాశం వైపు ఒక్కసారైనా చూడలేదని ఆమెకి తెలుసు.

మిషను గట్టు తెంపుకుని దిగింది. మొదటి చాలు వెళ్ళింది. వరి కోసుకుంటూ, గింజ మింగుతూ, వెనక, చక్రాల చుట్టూ తిరిగే ఎర్రటి ఇనప చైన్లు నేలని రెండు పాయలుగా చీల్చుకుంటూ పోయింది. చివర వెనక్కి తిరిగినచోట మట్టి సుడి తిరిగి పైకి లేచింది. ఆ మట్టిలో తెల్లటి దారాలు తెగిపోయి ఎండలో మెరిశాయి. నాంచారి గట్టు మీద లాస్యని ఎత్తుకుని నిలబడి చూసింది. కడుపు చల్లబడింది. నిజం చెప్పాలంటే, చాలా ఏళ్ళ తర్వాత కడుపునిండా అన్నం తిన్నట్టు ఉంది.

రెండో చాలు. మూడో చాలు.

ఫోను మోగింది. డాక్టర్ వకుళ.

"నాంచారీ! చేలో ఏం జరుగుతోంది? మురహరి గారు పడిపోయారు. కాలు పట్టుకుని అరుస్తున్నారు. కడియం తీద్దామంటే తియ్యనివ్వట్లేదు, 'నేను తీసేస్తే అదొక్కతే అయిపోతుంది' అంటున్నారు... అక్కడ ఆ చప్పుడేంటి?"

ఆ వెనక మొగుడి గొంతు వినబడింది. పురిటి నొప్పుల్లో తను అరిచిన అరుపది.

నాంచారి పిల్లని గట్టు మీద దింపేసి చేలోకి దూకింది. కోసిన మోళ్ళు అరికాళ్ళలో గుచ్చుకుంటున్నా మిషనుకి ఎదురు పరిగెత్తి, కత్తెర పళ్ళ ముందు రెండు చేతులూ చాచి నిలబడింది.

"ఆపు! ఆపు అన్నయ్యా!"

"నువ్వేగా తోలమన్నావు!" అని ఏడుకొండలు పైనుంచి అరిచాడు. ఇంజను ఆగాక, ఆ నిశ్శబ్దంలో ఇంకోసారి, మెల్లగా అన్నాడు. "నువ్వేగా చెల్లెమ్మా, తోలమన్నావు."

సాయంత్రం వకుళ జీపులో మురహరి వచ్చాడు. ఎడమకాలు మోకాలి కింద మొద్దుబారిపోయింది. ఇంట్లోకి రాకుండా నేరుగా చేను దగ్గరికే తీసుకెళ్ళమన్నాడు. గట్టు మీద నిలబడి ఆ మూడు చాళ్ళ వంక చూశాడు. తర్వాత పెళ్ళాం వంక చూశాడు.

"ఎందుకే?"

"నువ్వు ఒక్కసారి అరవాలని" అంది నాంచారి. "మాకోసం ఎప్పుడూ అరవలేదు."

అతను కొట్టలేదు, తిట్టలేదు. చేలోకి దిగి అడుగు వేశాడు. వెంటనే కాలు కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. ఇంకోచోట వేశాడు. అక్కడా అంతే. వకుళ ఒంగి మట్టి తీసి చూసింది. అతని పాదం ఆనిన మేర దారాలు ముడుచుకుని, కిందికి, లోపలికి వెళ్ళిపోతున్నాయి.

"తెగేటప్పుడు దానికి అందుతున్నది మీ నాడి ఒక్కటే" అంది వకుళ గొంతు తగ్గించి. "ఆ నొప్పి మీరే పెట్టారనుకుంటోంది. మీరు అడుగు పెడితే చాలు, మళ్ళీ తెగుతుందేమోనని..."

"నేనేం చెయ్యలేదని చెప్పండి మేడమ్."

"చెప్పే భాష మీ ఒక్కరికే వచ్చు మురహరి గారూ."

నాంచారి ఉండబట్టలేక వకుళ మీదికి వెళ్ళింది. "మూడేళ్ళు ఆయన ఎన్ని చెంబులు తాగాడో రాసుకున్నారు, ఎన్నిసార్లు వణికాడో రాసుకున్నారు. మీ కాయితాల్లో మా పిల్ల ఏడుపు ఎక్కడుందండీ?"

వకుళ చేతిలోని మట్టి కిందికి వదిలింది. "రాయలేదమ్మా. అది అడగాలని నాకు తట్టలేదు" అంది. అంత చదువుకున్నావిడ అలా ఒప్పేసుకునేసరికి నాంచారికి పోట్లాడటానికి ఇంకేం మిగల్లేదు.

మర్నాడు మురహరి ఇంట్లోనే ఉన్నాడు. పిల్లకి జడ వేశాడు, బొమ్మని ఆడించాడు, పెళ్ళాం పిలిస్తే మొదటి పిలుపుకే పలికాడు. వేలు లేవలేదు. ఆమె కోరుకున్న మొగుడు అచ్చంగా ఆమె చేతికొచ్చాడు, లోపల ఎవరూ లేని ఇల్లులాగా. పప్పులో ఉప్పు ఎక్కువైనా తినేశాడు. చూపు పిల్ల మీద, చెవి దక్షిణం వైపు.

చచ్చిన సవతి కంటే బతికి అలిగిన సవతి గడుసుదని నాంచారికి అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం మురహరే లేచాడు. "మినుము ఇవాళ పడకపోతే పదును పోతుంది. నన్ను రానివ్వట్లేదు. అమ్మకి చూపు ఆనదు. నువ్వు రా" అన్నాడు.

గట్టు మీద ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తన కాలి కడియం విప్పి, ఆమె ఎడమ పాదం తొడ మీద పెట్టుకుని తొడిగాడు. పెళ్ళిలో మెట్టెలు తొడిగినప్పుడు కూడా ఇలాగే కూర్చున్నాడు. అప్పుడు తల ఎత్తి ఆమె వంక చూశాడు. ఇప్పుడు చేను వంక చూస్తున్నాడు.

ఒళ్ళో మినుములు పోసుకుని నాంచారి దిగింది. చూద్దాం, ఇది మా ఆయనకి ఏం మందు పెట్టిందో చూద్దాం అనుకుంటూ దిగింది. పిడికెడు తీసి దుబ్బుల మధ్య విసురుతూ, అడుగులో అడుగు వేస్తూ నడిచింది. కడియం మాట్లాడలేదు. ఒక ఎకరం అయింది. ఏమీ లేదు. లోపల నవ్వుకుంది. నేనంటే దీనికీ గిట్టదు, మంచిదే.

చైన్లు చీల్చిన చాలు దగ్గరికి వచ్చింది. దాటబోయి, ఎందుకో దాటలేక, గాడిలోకి కాలు దించింది. చల్లగా ఉంది మట్టి. అప్పుడు మడమ దగ్గర ఏదో కదిలింది. అయిదో నెలలో లాస్య మొదటిసారి కడుపులో కదిలినట్టు, కదిలిందో లేదో తెలియనంతగా. నాంచారి కాలు తియ్యలేదు. మళ్ళీ కదిలింది. తెగిన అంచు నుంచి తెగిన అంచుకి దారి వెతుక్కుంటూ, దొరికిన మొదటి వెచ్చదనాన్ని పట్టుకుంటున్న కదలిక అది. ఎవరు చీల్చారో దానికి తెలియదు. ఎవరొచ్చారో తెలిసింది.

ఆమె ఏడ్చిందా, భయపడిందా అంటే చెప్పడం కష్టం. ఒళ్ళోని మినుములన్నీ ఆ గాడిలోనే పోసేసి, చేత్తో మట్టి కప్పి, చాలాసేపు అక్కడే కూర్చుంది.

మూడో నాడు కూలీలు కొడవళ్ళతో చేను కోశారు. మధ్యాహ్నానికి పనలు కట్టి గట్టెక్కించారు. ఆ మర్నాడు వాన పడింది. చేను చెప్పిన రోజుకే.

నెల తిరిగేసరికి వరిమోళ్ళ మధ్య మినుము పచ్చగా పరుచుకుంది. చైన్లు దిగినచోట అన్నిటికంటే దట్టంగా వచ్చింది. వకుళ నెలకోసారి వచ్చి రాసుకుపోతోంది. ఈసారి కాయితాల్లో పిల్ల కోసం కూడా ఒక గడి పెట్టింది, దాన్ని నింపాల్సింది నాంచారే. మురహరి కాలికి కొంత చురుకు వచ్చింది. గట్టు దాకా వస్తాడు, దిగడు. కడియం నాంచారి కాలికే ఉండిపోయింది.

ఆ పొద్దున మంచు ఇంకా విడలేదు. నాంచారి చేను నడుమ నిలబడి ఉంది. గట్టు మీద మురహరి, అతని చంకలో లాస్య.

కడియం ఆగి ఆగి మెల్లగా కొట్టుకుంటోంది. దాహం కాదు, పురుగు కాదు. ఆమె నెల రోజులుగా నేర్చుకున్న మాటల్లో అది లేదు. కింద ఆ దారాలు పాత కాలిబాట మీదికి, ఎడమకాలికి కడియంతో మూడేళ్ళు నడిచిన ఒక మనిషి అడుగులు పడ్డ బాట మీదికి, వెనక్కి వచ్చి తడుముతున్నాయి. మళ్ళీ తడుముతున్నాయి. అది మురహరిని అడుగుతోంది.

"ఏమంటోందే?" అని మురహరి గట్టు మీంచి కేకేశాడు. ఆ గొంతులో ఆశ ఉంది.

నాంచారి అతని వంక చూసింది. మూడేళ్ళు తన మొగుణ్ణి దాంతో పంచుకుంది. ఇప్పుడు దాన్ని తన మొగుడితో పంచుకోవాలా?

"ఏమీ అనట్లేదు బావా" అంది. "నిద్రపోతోంది."

"అమ్మా!" అంది లాస్య చేతులు చాచి. "అమ్మా, ఎత్తుకో!"

మడమ దగ్గర మళ్ళీ ఆ తడుములాట. నాంచారి తల వంచి వింటోంది. గట్టు వైపు తిరగకుండానే ఒక వేలు పైకెత్తింది.

"ఉండు" అంది.